ఆముదం గింజలోని రిసిన్ క్యాన్సర్‌కు మందవుతుందా?

నల్లమల_శ్రీను
అందరికీ నమస్కారం. మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తెగ తిరుగుతోంది. ఆముదం గింజలో రిసిన్ అనే పదార్థం ఉందట, అది క్యాన్సర్ కణంలో ప్రోటీన్ల తయారీని ఆపేసి చంపేస్తుందట, మందుల కంపెనీలు ఈ సంగతి దాచిపెట్టాయట. రోజుకో గింజ పొట్టు తీసి నమలమని సలహా. మాది ఆముదం పండే ప్రాంతం, గింజలు ఇంట్లోనే బస్తాల్లో ఉంటాయి. మా పెదనాన్నకు బ్లడ్ క్యాన్సర్, మాత్రలు వాడుతున్నారు. వీడియో చూసినప్పటి నుంచి ఆయనది ఒకటే గోల, తింటే తప్పేంటని. ఇందులో నిజమెంత? రిసిన్ మీద నిజంగా పరిశోధన జరిగిందా, లేక మొత్తం కట్టుకథేనా?

సందేహాల_సుబ్బు
ముందు ఆ గింజలు ఆయన చేతికి అందకుండా పెట్టండి, చర్చ తర్వాత. గాజు గిన్నెలో పెంచిన క్యాన్సర్ కణాల్ని యాసిడ్ చంపుతుంది, బ్లీచింగ్ పౌడర్ చంపుతుంది. కణాన్ని చంపడం గొప్పా? పక్కనున్న మంచి కణాన్ని వదిలేయడం గొప్ప.

హెమటాలజీ_వార్డు
సుబ్బు గారి మొదటి వాక్యం సీరియస్‌గా తీసుకోండి శ్రీను గారూ. ఆముదం గింజ నమిలితే కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ఒంట్లో నీరు పోయి బీపీ పడిపోతుంది. తీవ్రమైతే కాలేయం, కిడ్నీలు దెబ్బతింటాయి. ఆసుపత్రిలో మేం చేయగలిగింది సెలైన్లు పెట్టి, బీపీ నిలబెట్టి, ఆయా అవయవాలను కాచుకోవడమే. పొట్టు గట్టిది కాబట్టి నమలకుండా మింగిన గింజ చాలాసార్లు అలాగే బయటికి పోతుంది. "మా తాత మింగాడు, ఏమీ కాలేదు" అనే కథలు అక్కడి నుంచే పుడతాయి. ఈ వీడియో వాడు పొట్టు తీసి నమలమంటున్నాడంటే ఉన్న ఆ ఒక్క అడ్డునూ తీసేయమంటున్నాడు.

ఒకవేళ ఇప్పటికే తిని ఉంటే వాంతులయ్యేదాకా చూడకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంకో మాట, బ్లడ్ క్యాన్సర్ అంటే చాలా రకాలు. పెదనాన్నగారిది ఏదో చీటీ చూసి చెప్పండి.

నల్లమల_శ్రీను
తినలేదు మేడమ్. బస్తాలు గదిలో వేసి తాళం వేశాం. చీటీలో సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా) అని ఉంది. ఇమాటినిబ్ 400 రోజుకొకటి.

రైబోజోమ్_రాణి
నేను బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. రోజూ తల బాదుకునేది కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం రైబోజోమ్‌తోనే కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, భరించండి.

వీడియోలో సగం నిజముంది, అందుకే జనం నమ్ముతున్నారు. రిసిన్‌లో రెండు ప్రోటీన్ గొలుసులుంటాయి, ఒకే ఒక్క డైసల్ఫైడ్ బంధం వాటిని కలిపి ఉంచుతుంది. 'బీ' గొలుసు పని పట్టుకోవడం. కణం పైపొర మీద గాలక్టోజ్ అనే చక్కెర ఎక్కడ కనబడితే అక్కడ అతుక్కుంటుంది. ఆ చక్కెర లేని కణం మన ఒంట్లో దాదాపు ఉండదు. అంటే రిసిన్‌కు కాలేయమూ ఒకటే, పేగూ ఒకటే, క్యాన్సర్ గడ్డా ఒకటే.

అతుక్కున్నదాన్ని కణం లోపలికి లాక్కుంటుంది. మామూలుగా అయితే అక్కడ అరిగిపోవాలి. చాలావరకు అరిగిపోతుంది కూడా. కానీ కొద్ది భాగం మాత్రం వెనక్కి ప్రయాణం చేసి, గాల్జీ గుండా ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ దాకా (కణం లోపల ప్రోటీన్లు మడతపడి, సర్దుబాటయ్యే అరలు ఇవి) వెళ్తుంది. అక్కడ గొలుసులు విడిపోతాయి. సరిగ్గా మడత పడని ప్రోటీన్లను కణం బయటికి తోసేయడానికి ఒక దారి పెట్టుకుంటుంది, 'ఏ' గొలుసు ఆ దారినే వాడుకుని సైటోప్లాజంలోకి, అంటే కణం లోపలి ద్రవంలోకి, జారుకుంటుంది. రైబోజోములు ఉండేది అక్కడే.

ఇక అసలు పని. రైబోజోమ్ పెద్ద ముక్కలో 28ఎస్ అనే ఆర్‌ఎన్‌ఏ ఉంది. ఎలుకలో దాని పొడవు 4,700 అక్షరాలకు కాస్త పైన. అందులో 4324వ స్థానంలో ఉన్న అడినిన్ అనే ఒక్క అక్షరాన్ని 'ఏ' గొలుసు ఊడబీకుతుంది. ఆర్‌ఎన్‌ఏ తెగదు, రైబోజోమ్ ఆకారం చెదరదు. ఎడ్లబండి కడసీల పీకినట్టు, చూడ్డానికి బండి బండిలాగే ఉంటుంది, అడుగు మాత్రం కదలదు. ప్రోటీన్ గొలుసును ఒక్కో మెట్టు ముందుకు జరిపే ఎలాంగేషన్ ఫ్యాక్టర్లు వచ్చి ఆనాల్సిన చోటు అది. ఒక 'ఏ' గొలుసు అణువు నిమిషానికి దాదాపు 1,500 రైబోజోములను ఇలా పాడుచేయగలదు. వాడితే అయిపోయే సరుకు కాదు, ఎంజైమ్, ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటూ పోతూనే ఉంటుంది.

ఈ ఒక్క అడినిన్ సంగతి బయటపెట్టింది జపాన్‌కు చెందిన యాయెటా ఎండో, కునియో సురుగి, 1987లో. అంతకుముందు 1970లలో ఓస్లోలోని నార్వేజియన్ రేడియం ఆసుపత్రిలో స్యూర్ ఓల్స్‌నెస్, అలెగ్జాండర్ పీల్ ఇద్దరూ రెండు గొలుసుల నిర్మాణం, ప్రోటీన్ తయారీ ఆగిపోవడం తేల్చారు. ఇంకా వెనక్కి వెళ్తే 1888, డోర్పాట్ విశ్వవిద్యాలయం, ఇప్పుడు ఎస్టోనియాలోని టార్టు. హెర్మన్ స్టిల్‌మార్క్ అనే విద్యార్థి డాక్టరేట్ పనిలో ఆముదం గింజల నుంచి దీన్ని వేరుచేసి రిసిన్ అని పేరు పెట్టాడు. రక్తకణాలు గుంపుగా అతుక్కుపోవడం చూసి, చావుకు కారణం అదే అనుకున్నాడు. చాలా ఏళ్లు అందరూ అదే అనుకున్నారు.

కాబట్టి "పరిశోధన జరిగిందా" అంటే, 130 ఏళ్లకు పైగా జరుగుతోంది. దాచిపెట్టింది ఎవరూ లేరు.

సందేహాల_సుబ్బు
మరి ఆముదం చెట్టుకూ రైబోజోములున్నాయి కదా, అది ఎందుకు చావదు?

రైబోజోమ్_రాణి
మంచి ప్రశ్న. గింజలో రిసిన్ మొదట రెండు గొలుసులూ కలిసిన ఒకే పొడుగాటి ప్రోటీన్‌గా తయారవుతుంది. ఆ రూపంలో దానికి రైబోజోమ్‌ను చెడగొట్టే శక్తి లేదు. తయారవుతూనే ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ సంచిలోకి వెళ్లిపోయి, అక్కడి నుంచి నిల్వ గదుల్లాంటి వాక్యూల్‌లకు చేరుతుంది. ముక్కలై విషంగా మారేది అక్కడికి చేరాకే. సొంత రైబోజోములకూ దానికీ మధ్య ఎప్పుడూ గోడ ఉంటుంది. పురుగో ఎలుకో కొరికితే అప్పుడు గోడ పోతుంది.

పాలమూరు_రైతు
ఈ లెక్కన మేం చిన్నప్పటి నుంచి తాగిన ఆముదం సంగతేంది? పసిపిల్లలకు ఉగ్గులో వేసేది, కడుపు కట్టుకుంటే పట్టించేది. వంటాముదం అంటే మా అమ్మ గింజలు వేయించి, రోట్లో దంచి, నీళ్లు పోసి పొయ్యి మీద గంటల తరబడి ఉడికించి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి మళ్లీ కాచేది. నీళ్లు పూర్తిగా పోయి చిటపటలు ఆగేదాకా దించనిచ్చేది కాదు. ఆ గింజలోనే ఇంత విషముంటే మేమెట్ల బతికినం?

రైబోజోమ్_రాణి
అన్నా, మీ అమ్మగారు చేసిన పద్ధతిలోనే జవాబుంది. రిసిన్ ప్రోటీన్, నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. నూనె తీస్తే అది పిప్పిలో ఉండిపోతుంది. పైగా అంతసేపు ఉడికిస్తే ప్రోటీన్ మడతలు విడిపోయి పనికిరాకుండా పోతుంది. మిల్లు నూనెను కూడా వేడి చేసి శుద్ధి చేస్తారు. ఆముదం తాగితే విరేచనాలు అయ్యేది రిసినోలిక్ ఆమ్లం వల్ల, దానికీ రిసిన్‌కూ సంబంధం లేదు. (ఉగ్గులో వేయడం మాత్రం ఇప్పుడు పిల్లల డాక్టర్లు వద్దంటున్నారు, అది వేరే చర్చ.)

పాలమూరు_రైతు
అయితే చెక్క (నూనె పిండినాక మిగిలే పిప్పి) సంగతి కూడా రాయండి. ఆముదం చెక్క ఎరువుగా మస్తు వాడుతరు, నిమ్మ తోటలకు, పూల కుండీలకు. మా దిక్కు బర్రెలు, మేకలు చెక్క బస్తాలో మూతి పెట్టి చచ్చిన సందర్భాలు ఊరూరా ఉన్నయి. నగరంలో ఆన్‌లైన్‌లో కొనేటోళ్లకు ఇది తెలియదు. కుక్క ఉన్న ఇంట్లో ఆ ప్యాకెట్ కింద పెట్టొద్దు. ఎరువు వాసనకు కుక్క తింటది.

హెమటాలజీ_వార్డు
ఇది చాలా అవసరమైన మాట. నూనె చల్లగా పిండిన చెక్కలో, వేడి చేసి విషం తీసేయకపోతే, రిసిన్ అలాగే ఉంటుంది. చల్లేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ముకు ఆయాసం వచ్చేవాళ్లు కూడా ఉన్నారు.

వనమూలిక_విద్యార్థి
నేను బీఏఎంఎస్ (ఆయుర్వేద వైద్యం) చదువుతున్నా. గురివింద గురించి ఎవరూ అనలేదేంటి? దాని గింజలోని విషం అబ్రిన్ పని తీరు కూడా రిసిన్ లాంటిదే, రెండు గొలుసులు, అదే అడినిన్. మా ద్రవ్యగుణంలో (మూలికల పాఠం) గుంజను, అంటే గురివిందను, ఉపవిషాల్లో చేర్చారు. శోధన (విషం తగ్గించే శుద్ధి) చేయకుండా వాడకూడదని నియమం. గింజల్ని గుడ్డలో మూటకట్టి, ఆవుపాలలోనో కాంజికంలోనో (పులిసిన గంజి) వేలాడదీసి ఉడికిస్తారు, దోలాయంత్రం అంటారు. ఆ తర్వాత కూడా ఎక్కువగా పైపూతకే, పేనుకొరుకుడుకు లేపనంగా. రాణి గారు చెప్పిన "ఉడికిస్తే ప్రోటీన్ మడతలు విడిపోతాయి" అన్నది ఇక్కడా వర్తిస్తుంది కదా?

రైబోజోమ్_రాణి
వర్తిస్తుంది. కానీ ఉడికిస్తే విషం పోతుందంటే, విషం వల్ల వస్తుందనుకున్న మందు గుణం కూడా దానితో పోయినట్టే. శోధన చేసిన గుంజకు ఏదైనా గుణం ఉంటే అది అబ్రిన్‌ది అయి ఉండదు.

ఫార్మకాలజీ_మాస్టారు
గురివింద ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక చరిత్ర. 1882లో పారిస్ కంటి వైద్యుడు లూయీ డి వెకర్, ట్రకోమా అనే కంటి జబ్బు వల్ల కంటి మీద పేరుకున్న పొరకు గురివింద గింజల కషాయం వాడటం మొదలుపెట్టాడు. బ్రెజిల్‌లో ఆ వాడుక ఉందని విని తెచ్చుకున్నాడు. కంట్లో వేస్తే భయంకరమైన వాపు వచ్చి, అది తగ్గేసరికి పాత పొర కూడా పలచబడేది, కొందరికి. మరికొందరికి కన్నే పోయేది. ఇక్కడి నుంచే ఒక గొప్ప విషయం బయటపడింది. 1891లో పాల్ ఎర్లిష్ ఎలుకలకు రిసిన్, అబ్రిన్ చాలా కొద్దికొద్దిగా ఇస్తూ పోయాడు. కొన్నాళ్లకు మామూలుగా అయితే చచ్చిపోవాల్సిన మోతాదును కూడా అవి తట్టుకున్నాయి. రిసిన్‌కు అలవాటు పడిన ఎలుక అబ్రిన్‌కు చచ్చేది, అబ్రిన్‌కు అలవాటు పడ్డది రిసిన్‌కు చచ్చేది. ప్రతిరక్షకాలకు (యాంటీబాడీలకు) ఏ విషానికి ఆ విషం అనే గుర్తింపు ఉంటుందనీ, తల్లి నుంచి పిల్లకు ఆ రక్షణ అందుతుందనీ ఈ పనిలోనే తేలింది. రోగనిరోధక శాస్త్రం తొలి పాఠాల్లో కొన్ని మన పొలం గట్టు గింజల మీద నేర్చుకున్నవే. వైద్యానికి ఈ విషాలు చేసిన అతి పెద్ద మేలు ఇప్పటికీ ఇదేనని నా అభిప్రాయం. మందుగా మాత్రం అవి నెగ్గలేదు.

డాలస్_బాబాయ్
మాస్టారూ, నెగ్గలేదు అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా! నేను బయోటెక్‌లో చాలాకాలం పనిచేశాను, ఉండేది డాలస్‌లో. ఇక్కడి యూటీ సౌత్‌వెస్టర్న్‌లో ఎలెన్ విటెట్టా, జొనాథన్ ఊర్ల బృందం 1980ల నుంచి దీని మీదే కూర్చుంది. ఆలోచన చూడండి. 'బీ' గొలుసు ప్రతి కణానికీ అతుక్కుంటోంది కాబట్టి దాన్ని తీసి పారేద్దాం. దాని స్థానంలో క్యాన్సర్ కణాన్ని మాత్రమే గుర్తుపట్టే ప్రతిరక్షకాన్ని 'ఏ' గొలుసుకు తగిలిద్దాం. దీన్నే ఇమ్యునోటాక్సిన్ అన్నారు. లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) రోగుల మీద పరీక్షించారు, కొందరిలో గడ్డలు నిజంగానే కరిగాయి. అప్పట్లో ఆశ మామూలుగా లేదు.

దెబ్బకొట్టినవి రెండు. మొదటిది రక్తనాళాల కారుడు. సన్నని రక్తనాళాల గోడలు వదులై, రక్తంలోని నీరు కణజాలంలోకి కారిపోయేది. రోగి రోజుల్లో బరువు పెరిగేవాడు, కాళ్లు వాచేవి, ఊపిరితిత్తుల్లో నీరు చేరేది. మోతాదు పెంచాలంటే ఇదే అడ్డు. రెండోది మాస్టారు చెప్పిన ఎర్లిష్ ఎలుకల కథే. ఒంటికి ఇది పరాయి ప్రోటీన్. ఒకటి రెండు విడతలు ఇచ్చేసరికి రోగి శరీరమే రిసిన్ మీద ప్రతిరక్షకాలు తయారుచేసుకుంటుంది. మూడో విడత మందు గడ్డ దాకా చేరదు.

బోస్టన్ దగ్గర ఇమ్యునోజెన్ అనే కంపెనీ 'బీ' గొలుసును తీసేయకుండా దాని పట్టు మాత్రం మూసేసి ఇంకో రకం చేసింది. లింఫోమా మీద మూడో దశ దాకా వెళ్లింది, ప్రయోజనం కనబడలేదు. ఆ తర్వాత వాళ్లు రిసిన్‌ను వదిలేసి, మేటాన్సిన్ అనే చిన్న అణువు వైపు తిరిగారు. అదీ ఇథియోపియా పొదలో దొరికిన మొక్క విషమే, కాకపోతే రైబోజోమ్ జోలికి పోదు, కణ విభజనలో పనిచేసే ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. దాని ఉత్పన్నాన్ని ట్రాస్టుజుమాబ్ అనే ప్రతిరక్షకానికి తగిలిస్తే వచ్చిందే కాడ్సైలా, 2013లో రొమ్ము క్యాన్సర్‌కు అనుమతి పొందింది. ఇవాళ ఆంకాలజీలో ఎక్కడ చూసినా వినబడుతున్న యాంటీబాడీ డ్రగ్ కాంజుగేట్లకు (ఇలా ప్రతిరక్షకానికి విషం తగిలించిన మందులకు) తొలి పాఠాలు చెప్పింది ఈ ఓడిపోయిన రిసిన్ మందులే.

సందేహాల_సుబ్బు
బాబాయ్, అంటే ఓడిపోయిందనే కదా. పాఠాలు చెప్పింది అంటే పరీక్ష తప్పింది అని మర్యాదగా అనడం.

డాలస్_బాబాయ్
పరీక్ష తప్పినా ఊరికే పోలేదు అంటున్నా. విటెట్టా బృందమే 'ఏ' గొలుసులో రెండు చోట్ల అమైనో ఆమ్లాలు మార్చింది. 80వ స్థానం మార్పుతో ఎంజైమ్ పని పోయింది, 76వ స్థానం మార్పుతో రక్తనాళాల కారుడు తగ్గింది. విషం లేని ఆ రిసిన్‌తో టీకా తయారుచేసి మనుషుల మీద తొలి దశ పరీక్షలు చేశారు. రివాక్స్ అని పేరు. బయోటెర్రరిజం భయంతో అమెరికా దీని మీద డబ్బు పెట్టింది. 1978లో లండన్‌లో బల్గేరియా రచయిత గియోర్గి మార్కోవ్‌ను రిసిన్ ఉన్న గొడుగుతో పొడిచి చంపారన్న కథ తెలిసే ఉంటుంది, వీడియోలు చేసేవాళ్లకు ఎంతసేపూ ఆ గొడుగు తప్ప ఇంకేం కనబడదు.

మోడరేటర్
ఇప్పుడే ఒక కొత్త సభ్యుడు గింజల నుంచి దీన్ని ఎలా వేరుచేస్తారని అడిగారు. ఆ సందేశం తొలగించాను. రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం మొదటి షెడ్యూలులో రిసిన్ పేరు ఉంది. ఇక్కడ జబ్బు, మందు, చరిత్ర, పొలం జాగ్రత్తలు ఎంతైనా మాట్లాడుకోండి. తయారీ ఊసు వద్దు.

ఫార్మకాలజీ_మాస్టారు
మంచి పని చేశారు. శ్రీను గారి అసలు ప్రశ్నకు వస్తాను. "మొక్కల్లోని, ప్రోటీన్ తయారీని ఆపే విషం మందవుతుందా" అంటే అయింది. ఒకటి కాదు, రెండు. అందరూ రిసిన్ చుట్టూ తిరగడం వల్ల వీటి పేర్లు ఎవరికీ తెలియవు.

మొదటిది ఎమెటిన్. దక్షిణ అమెరికా ఇపెకాక్ వేరులోది, 1817లో పెల్లెటియే, మాజెండీ వేరుచేశారు. 1912లో కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ అమీబిక్ విరేచనాలకు దీన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి చూపించాడు. అప్పట్లో అమీబా కాలేయంలో చీము గడ్డలు కట్టి ప్రాణాలు తీసే రోజులు. డార్జిలింగ్ కొండల్లో మంగ్పూ సింకోనా తోటల వాళ్లు ఇపెకాక్ కూడా పెంచారు. నేను చదువుకునే రోజుల్లో వార్డుల్లో ఎమెటిన్ ఇంకా కనబడేది. ఇంజెక్షన్ చేశాక రోగిని మంచం దిగనిచ్చేవాళ్లు కాదు, నాడి చూసుకుంటూ కూర్చునేవాళ్లు, గుండె కండరాన్ని దెబ్బతీస్తుందని. అమీబా రైబోజోమ్‌ను ఆపే మందు మన రైబోజోమ్‌నూ ఆపుతుంది, తేడా మోతాదులోనే. అమీబాకు మెట్రోనిడజోల్ అనే మందు వచ్చాక ఊపిరి పీల్చుకున్నాం.

రెండోది హోమోహారింగ్‌టోనిన్. సెఫలోటాక్సస్ అనే పొద జాతి చెట్టుది. మన ఈశాన్య రాష్ట్రాల కొండల్లో దీని జాతి ఒకటి ఉంది. చైనా వైద్యులు 1970ల నుంచి దీన్ని ల్యుకేమియాకు (బ్లడ్ క్యాన్సర్‌లో ఒక రకం) వాడుతున్నారు. ఇది రిసిన్ లాంటి ప్రోటీన్ కాదు, చిన్న అణువు. రైబోజోమ్‌లో కొత్త అమైనో ఆమ్లం వచ్చి కూర్చునే గుంటలో తాను కూర్చుంటుంది, గొలుసు మొదలవడానికే వీలుండదు. ఎంజైమ్ కాదు, మోతాదు తగ్గితే లేచిపోతుంది. దీని సెమీ సింథటిక్ రూపం ఒమాసిటాక్సిన్‌కు 2012 అక్టోబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఏ జబ్బుకో తెలుసా? సీఎంఎల్‌కే. శ్రీను గారి పెదనాన్నది కూడా అదే.

నల్లమల_శ్రీను
మాస్టారూ, ఇది చదివి ఒళ్లు జలదరించింది. అంటే వీడియోలో చెప్పిన ఐడియా పూర్తిగా పిచ్చిది కాదన్నమాట. కానీ ప్రోటీన్ తయారీ ఆపితే అన్ని కణాలూ చావాలి కదా, క్యాన్సర్ కణమే ఎందుకు ముందు పోతుంది?

రైబోజోమ్_రాణి
ఇది నా ఇష్టమైన భాగం. కణంలోని ప్రోటీన్లన్నీ ఒకే ఆయుష్షుతో ఉండవు. కొన్ని రోజుల తరబడి ఉంటాయి. ఎంసీఎల్1 లాంటివి గంట కూడా ఉండవు, నిమిషాల్లో విరిగిపోతూ మళ్లీ మళ్లీ తయారవుతూ ఉండాలి. చాలా ల్యుకేమియా కణాలు చావకుండా నిలబడేది ఈ ఎంసీఎల్1 చలవతోనే. మిక్ అనే ఇంకో ప్రోటీన్ కూడా అంతే, ఆయుష్షు తక్కువ, క్యాన్సర్ దాని మీద బాగా ఆధారపడుతుంది. తయారీని కొన్ని గంటలు నెమ్మదింపజేస్తే ముందు ఖాళీ అయ్యేవి ఇవే. మామూలు కణం ఆ కొన్ని గంటలూ పాత సరుకుతో నెట్టుకొస్తుంది. అయితే ఈ కిటుకు పనిచేయాలంటే మందు కాసేపు ఆపి వదిలేయాలి. రిసిన్‌కు వదలడం తెలీదు, ఊడిన అడినిన్ మళ్లీ రాదు.

సందేహాల_సుబ్బు
ఇదీ పాయింటు. ఎంత బలంగా చంపుతుంది అని వీడియో వాడు మురిసిపోతున్నాడు. మందుకు కావాల్సింది పట్టు వదలడం.

హెమటాలజీ_వార్డు
వార్డు వైపు నుంచి కొన్ని మాటలు. ఒమాసిటాక్సిన్ చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్. మోతాదు ఒంటి వైశాల్యం చదరపు మీటరుకు 1.25 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, 28 రోజుల విడతలో మొదటి 14 రోజులు. సగటు మనిషికి ఒక్కసారికి రెండు మిల్లీగ్రాములు కాస్త అటూ ఇటూ. అంత కొలిచి ఇచ్చినా ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు బాగా పడిపోతాయి, షుగర్ పెరగొచ్చు, అందుకే వరసగా రక్తపరీక్షలు చేస్తూ ఉండాలి. అనుమతి ఇచ్చింది కూడా ఇమాటినిబ్ తరహా మందులు రెండో అంతకన్నా ఎక్కువో పనిచేయని వాళ్లకు, లేదా పడని వాళ్లకు మాత్రమే. సీఎంఎల్‌కు అది మొదటి మందు కాదు, రెండోదీ కాదు. చైనాలో ఏఎంఎల్‌కు (ఇంకో రకం ల్యుకేమియా) సైటారబిన్, అక్లారుబిసిన్ అనే మందులతో కలిపి హోమోహారింగ్‌టోనిన్ ఇచ్చి చేసిన మూడో దశ పరీక్ష 2013లో ప్రచురితమైంది, ఫలితాలు బాగున్నాయి.

శ్రీను గారూ, మీ పెదనాన్న వాడుతున్న ఇమాటినిబ్ రైబోజోమ్ జోలికే పోదు. బీసీఆర్-ఏబీఎల్ అనే ఒక్క తప్పు ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. 2013లో సుప్రీంకోర్టు గ్లీవెక్ (ఇమాటినిబ్ బ్రాండు పేరు) పేటెంట్ పిటిషన్ కొట్టేయడం వల్ల మన దగ్గర జనరిక్ అందుబాటు ధరలో దొరుకుతోంది. దాన్ని వదిలి గింజలు నమలడం ఎంత పిచ్చిపనో ఆయనకు మీరే చెప్పాలి.

వనమూలిక_విద్యార్థి
ఒక డౌటు. కాకర గింజల్లోనూ ఇలాంటి ప్రోటీన్ ఉందని చదివాను. మరి రోజూ కాకరకాయ తింటున్నాం?

రైబోజోమ్_రాణి
ఉంది. కాకరలో, బార్లీ గింజలో, గోధుమ మొలకలో కూడా ఈ కుటుంబం ప్రోటీన్లు ఉన్నాయి. అవి ఒక్క గొలుసువి, పట్టుకునే 'బీ' గొలుసు లేదు. రైబోజోమ్ చేతికి ఇస్తే చెడగొడతాయి, కానీ కణంలోకి వాటంతట అవి చేరలేవు. వండితే అసలు గొడవే లేదు, వేపుడు హాయిగా తినండి.

పొట్లకాయకు చైనా బంధువు ఒకటుంది, దాని వేరులోది ట్రైకోశాంథిన్. 1989లో హెచ్‌ఐవీ సోకిన కణాలను ఇది చంపుతుందని ప్రయోగశాల ఫలితం వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో అనుమతి కోసం ఆగకుండా రోగులే 'కాంపౌండ్ క్యూ' పేరుతో వాడటం మొదలుపెట్టారు. అప్పటికి ఎయిడ్స్‌కు దాదాపు ఏమీ లేదు, వాళ్ల తొందర అర్థం చేసుకోదగ్గదే. కొందరు కోమాలోకి వెళ్లారు, చనిపోయినవాళ్లూ ఉన్నారు. మందుగా నిలబడలేదు. గిన్నెలో పనిచేసింది, మనిషిలో చేయలేదు.

డాలస్_బాబాయ్
రాణీ, మొత్తం నిరాశగా వదిలేయకు. సపోరిన్ చెప్పు.

రైబోజోమ్_రాణి
చెప్తా బాబాయ్. సోప్‌వర్ట్ మొక్క విత్తనాల్లోని సపోరిన్, ఇదీ ఒంటిగొలుసుదే. దీన్ని సబ్‌స్టెన్స్ పీ అనే నొప్పి సంకేతపు అణువుకు తగిలిస్తే, వెన్నుపాములో ఆ సంకేతాన్ని అందుకునే నాడీకణాలలోకి మాత్రమే వెళ్లి వాటినే చంపుతుంది. 1997లో ప్యాట్రిక్ మాంటీ బృందం ఎలుకల్లో చూపించింది. తర్వాత ఎముక క్యాన్సర్ ఉన్న పెంపుడు కుక్కల్లో, ఆపై తీరని క్యాన్సర్ నొప్పి ఉన్న మనుషుల్లో తొలి దశ పరీక్ష దాకా వచ్చింది. నాకు నచ్చేది ఎందుకంటే, ఇక్కడ పైన చెప్పిన రెండు అడ్డంకులూ పలచబడతాయి. వెన్నులోకి ఒకే ఒక్కసారి, అతి కొద్ది మోతాదు. రక్తంలోకి పెద్దగా రాదు, ప్రతిరక్షకాలు తయారయ్యేలోపు పని అయిపోతుంది. చంపితే మళ్లీ రాకూడదు అనే గుణం ఇక్కడ లోపం కాదు, కావాల్సిందే అది. ఈ విషాలకు భవిష్యత్తు ఉంటే ఇలాంటి మూసిన గదుల్లోనే ఉంటుందని నా లెక్క.

ఫార్మకాలజీ_మాస్టారు
నేను ఒప్పుకోను తల్లీ. నాడీకణాన్ని శాశ్వతంగా చంపే మందు బతుకు చివర్లో ఉన్నవాళ్లకు సరే. అంతకు మించి ఎవరికిస్తారు? ఈ ప్రోటీన్ల కన్నా చిన్న అణువులకే నా ఓటు. ఆగ్లాయా చెట్ల నుంచి వచ్చిన రొకాగ్లేట్లు చూడండి, ప్రోటీన్ తయారీ మొదలవడానికి కావాల్సిన ఈఐఎఫ్4ఏను పట్టుకుని, కొన్ని రకాల సందేశ ఆర్‌ఎన్‌ఏల నుంచి ప్రోటీన్ తయారవడాన్నే ఎక్కువగా ఆపుతాయి. అదే తరహాలో తయారుచేసిన జొటాటిఫిన్ అనే మందు మనుషుల మీద పరీక్షల దాకా వచ్చింది.

డాలస్_బాబాయ్
మాస్టారూ, ప్రోటీన్ విషాలు మందు కాలేదని అనకండి, మొక్కలవి కాలేదు అనండి. డిఫ్తీరియా బ్యాక్టీరియా విషంతో చేసిన టాగ్రాక్సోఫస్ప్‌కు 2018 డిసెంబరులో అనుమతి వచ్చింది, అరుదైన బ్లడ్ క్యాన్సర్‌కు. అదీ ప్రోటీన్ తయారీనే ఆపుతుంది, ఎలాంగేషన్ ఫ్యాక్టర్2ను చెడగొట్టి. సూడోమోనాస్ అనే ఇంకో బ్యాక్టీరియా విషంతో చేసిన మాక్సెటుమోమాబ్‌కూ అదే ఏడాది సెప్టెంబరులో వచ్చింది, 2023లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. వాడేవాళ్లు మరీ తక్కువ. దానికీ రక్తనాళాల కారుడు హెచ్చరిక ఉండేది, అదే పాత శత్రువు.

నల్లమల_శ్రీను
అందరికీ వేల దండాలు. ఇక్కడి విషయాలు పెదనాన్నకు తెలుగులోనే చదివి వినిపించాను. ఒమాసిటాక్సిన్ దగ్గర ఆపి మళ్లీ చదివించుకున్నారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. గింజ మొదలుపెడదామని, రెండూ కలిపి వేసుకోకూడదేమోనని, మాత్ర ఆపేశారట. ఎన్నాళ్లయిందో సరిగ్గా చెప్పడం లేదు. మా పెద్దమ్మకూ తెలీదు. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. రేపటి నుంచి ఒకేసారి రెండు మాత్రలు వేయించాలా?

హెమటాలజీ_వార్డు
వద్దు. రెండేసి వేయొద్దు. మాత్రల అట్టలు చూడండి, కొన్న తేదీ బిల్లు మీద ఉంటుంది, మిగిలినవి లెక్కపెడితే ఎన్ని రోజులు మానేశారో తేలిపోతుంది. ఆయన్ను నిలదీయకండి. రేపు ఉదయమే ఆయన డాక్టరుకు ఫోన్ చేసి ఆ లెక్క ఉన్నదున్నట్టు చెప్పండి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో వాళ్లే చెప్తారు. దాచితే, వచ్చే బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ (జబ్బు ఎంత మిగిలిందో కొలిచే రక్తపరీక్ష) రిపోర్టులో అంకె పెరిగి ఉంటే మందు పనిచేయడం లేదని అనుకుని అనవసరంగా మందు మార్చే ప్రమాదముంది. చివరి పీసీఆర్ ఎప్పుడు చేయించారు?

నల్లమల_శ్రీను
ఫైల్లో సంక్రాంతి ముందరిది ఉంది. అట్టలు లెక్కపెడుతున్నాం, పెద్దమ్మ బిల్లు వెతుకుతోంది.

హెమటాలజీ_వార్డు
అయితే ఫోన్ చేసినప్పుడు ఆ సంగతి కూడా అడగండి, కొత్త పీసీఆర్ ఎప్పుడు పంపాలో. పాత రిపోర్టు చేసిన ల్యాబ్‌లోనే చేయించండి, అంకెలు పోల్చుకోవడానికి వీలుగా ఉంటుంది. ఫైలు మొత్తం తీసుకెళ్లండి.